నాగేశ్వర్ మాస్టర్ ఇడిసిన జాగ

మా నాగేశ్వర్ మాస్టర్‌కు డీజే అంటే పానం. బ్యాండ్ పార్టీ నడిపెటోనికి డీజే అంటే పానమని మీరెన్నడన్న ఇన్నరా? నాందేడ్‌ల ఏ బ్యాండోన్నన్న అడుగున్రి, డీజే పేరు తియ్యంగనే నాలుగు మాటలు తిట్టి, ఉమ్మేసి, అటెన్క మాట్లాడ్తడు. మావోడు గట్ల గాదు. వరాత్‌ల, అంటే పెండ్లి ఊరేగింపుల, ఎదురుంగ డీజే బండి అచ్చిందంటే సాలు, క్లార్నెట్ సంకల వెట్టుకొని ఉరుకుతడు. ఆ నల్ల డబ్బా మీద అరచెయ్యి ఆనిచ్చి, కండ్లు మూసుకొని నిలవడ్తడు.

"శంకర్రావ్, ఇటు రా. జర చెయ్యి వెట్టి సూడు. అబ్బబ్బ! సప్పుడు చెవులకెళ్లి కాదు, బొక్కలకెళ్లి అస్తుంది!"

"మన నోటికాడి బుక్క గుంజుకునేటోన్ని మెచ్చుకుంటున్నవ్ గద మాస్టర్!" అని నేను అగ్గయితుంటి.

"గుంజుకోనీ తియ్యి. గాని ఎంత మంచిగ గుంజుకుంటుండో సూడు."

గిసొంటి మనిషితోని నేను ముప్పై ఒక్క ఏండ్లు ఏగిన. నా పేరు శంకర్రావు. ఆయన బ్యాండ్‌ల పెద్ద డోలు నాది. వరాత్‌ల అందరికంటె ఎన్క నడిసేది డోలే, అందుకే మావోళ్ల మొఖాల కంటె ఈపులు నాకు ఎక్వ ఎరుక. పదమూడు ఈపుల్ల మాస్టర్ ఈపు ఒక్కటే ఎన్నడు నిమ్మలంగ ఉండది. తొవ్వల ఏ కొత్త సప్పుడు ఇనవడ్డా అటు తిరుగుతది.

మాస్టర్ పుట్టింది ఇస్లాపూర్‌ల. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, బజార్ల ఉర్దూ, మా అందరి లెక్కనే. తండ్రి సుత క్లార్నెట్ వాయించెటోడు. పద్నాలుగేండ్లప్పుడు ఆయన ఎంబడి నాందేడ్‌కు అచ్చి ఇత్వార బస్తీల దిగిండు, ఇగ కదల్లే. ఇప్పుడు అరవై రెండు నడుస్తున్నయ్. సన్నగ, పొడుగ్గ, క్లార్నెట్‌కే ఎర్ర కోటు తొడిగినట్టుంటడు. వాళ్ల ఇంటామె ఇందుబాయి వదినె ఎన్నిసార్లు అన్నదో లెక్క లేదు, "ఈ మనిషి బువ్వ ముంగట వెట్టుకొని గిన్నె మీద చెంచతోని కొట్టుకుంట కూసుంటడు శంకర్రావన్నా, కూర సల్లారిపోతది, నా దిమాక్ గరమైతది" అని.

ఆయన అసలు రోగం నాకు తెల్సింది నేను బ్యాండ్‌ల చేరిన నాలుగో ఏడు. వరాత్‌ల ఒక సినిమా పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే నడ్మ జర సందు ఉంటది. పెండ్లికొడుకు దోస్తులు ఆ పాట కొట్టు, ఈ పాట కొట్టు అని లొల్లి వెట్టుకుంటరు. గుర్రమోడు గుర్రానికి నీళ్లు తాపుతడు. ఆ సందుల మాస్టర్ సన్నగ ఏదో ఒకటి వాయిస్తుంటడు. క్లార్నెట్ సాఫ్ చేసుకుంటుండేమో అనుకున్న నేను. ఒక దినం చెవు వెట్టి ఇన్న. ఏ సినిమాది గాదు, ఏ భజనది గాదు. మెట్లు దిగుతున్నట్టు దిగి, ఆఖరి మెట్టు కాడ ఆగి, మల్ల తిరిగి సూసినట్టున్నది.

"ఎవ్వరిది మాస్టర్ గది?"

"నాదే," అన్నడు. దొంగతనం బయటవడ్డోని లెక్క తల్కాయ దించుకున్నడు.

అటెన్క ఒకసారి ఇంటికి పిలిచి, సందూక్ తీసి సూపెట్టిండు. పొడుగు బుక్కులు తొమ్మిది. అన్నిట్ల మరాఠీ అచ్చరాలతోని సా రే గా రాసుకున్న బాణీలు. ఒక్కొక్కటి పెండ్లికొడుకు దోస్తుల లొల్లి ఎంతసేపుంటదో అంతే పొడుగు, దానికంటె పెద్దది చేస్తే వాయించెతందుకు జాగేది? గిన్నేండ్లు నేను ఆయన ఎన్క డోలు మోసుకుంట నడిసిన, ఈ సంగతి నాకెర్కలేదు. ఇంక జనానికి ఏమెర్క!

"వరాత్‌ల జనం నడుస్తరు శంకర్రావ్. నడ్సెటోడు ఇనడు," అన్నడు మాస్టర్. "ఒక్కసారి, జిందగీల ఒక్కటే సారి, జనం కూసొని నా దాన్ని ఇనాలె. మెచ్చుకోవాలని గాదు. ఇనాలె, అంతే."

ఇగ ఆ పిచ్చి గురించి చెప్పాలంటె తెల్లారుతది. ఫోన్ చేతికి అచ్చినప్పటి సంది ఇంక పెరిగింది. ఎక్కడెక్కడి దేశాల కొత్త కొత్త బాజాలు తీసి, ఒక చెవుల తీగ తాను వెట్టుకొని ఇంకో తీగ నా చెవుల కుక్కుతడు. ఒకడు పియానో మూతను గోకుతుంటడు. ఇంకోడు రైలు కూతకు ఫిడేలు కలుపుతుంటడు. "ఏంది మాస్టర్ గిది, వీళ్లకు పనీ పాట లేదా?" అంటే, "చుప్! ఇప్పుడస్తది సూడు, ఇప్పుడస్తది" అని నా మోకాలు పట్టుకుంటడు. ఏమస్తదో నాకైతే ఎన్నడు రాలే. గాని ఆయన మొఖం సూస్తుంటే, పండుగనాడు కొత్త అంగీ తొడుక్కున్న పోరని మొఖం లెక్క ఉంటుండె.

పోయినేడు మాఘంల ఒక దినం సుపారీ లేదు. మా దాంట్ల పెండ్లి బ్యాండ్ మాట్లాడుకునుడును సుపారీ అంటరు. "నడువు, బొమ్మలు సూసొద్దం" అని నన్ను గుంజుకపోయిండు. పెయింటింగ్ నేర్చుకునే పోరగాండ్లు ఒక హాల్‌ల తమ బొమ్మలు తగిలేసిన్రు. గోదావరి ఉన్నది, గుర్రాలున్నయ్, ముసలోళ్ల మొఖాలున్నయ్. మంచిగనే ఉన్నయ్, పాపం. మాస్టర్ అవన్ని దాటుకుంట పోయి ఒక మూలకు నిలవడ్డడు. ఆడ గోడంత పెద్ద తెల్ల గుడ్డ. ఎడ్మ దిక్కు కింద నాలుగు ఎర్ర గీతలు, కుడి దిక్కు మీద ఒక నల్ల చుక్క. అంతే. ఇంక ఏం లేదు!

నేను గంటసేపు అండ్ల తిరిగొచ్చిన. ఆయన ఆన్నే ఉన్నడు. బొమ్మ ఏసిన పిల్ల, పేరు శ్రద్ధ, పరేషాన్ అయి దగ్గరికచ్చింది.

"ఇంత జాగ ఎందుకు ఇడిసిపెట్టినవ్ బిడ్డా?" అని అడిగిండు మాస్టర్.

"ఇడిసిపెట్టలే కాకా. నేను ఏసిందే అది. గీతలు, చుక్క పెట్టకపోతే అది మీకు కనవడదని పెట్టిన."

మాస్టర్ ఆ పిల్లకు రెండు చేతులెత్తి దండం వెట్టిండు. ఇరవై ఏండ్లు సుత లేవు దానికి, బిత్తరపోయింది. నేను సిగ్గుతోని సచ్చిన. బయటికచ్చినంక చాయ్ బండి కాడ మాస్టర్ చాయ్ తాగలే. "ఆ తెల్లది నేను ఎక్కడ్నో ఇన్న శంకర్రావ్," అన్నడు.

"తెల్లది ఇనుడేంది మాస్టర్, ఎండ తాకిందా?"

"ఇన్న. ఎక్కడ్నో ఇన్న," అన్నడు, అంతకు మించి చెప్పలే.

ప్రాచి కలిసింది అటెన్క నెలకు. దెగ్లూర్ పిల్ల, మన తెలుగోళ్లే. పెండ్లిండ్లల్ల పెండ్లిపిల్ల చెల్లెండ్లకు, చిన్నమ్మలకు డ్యాన్స్ నేర్పిచ్చే పని చేస్తది. ఆ దినం ఒక మంగల్ కార్యాలయ్‌ల, అంటే పెండ్లిండ్ల హాల్‌ల, మా బ్యాండ్ పని అయిపోయి, ఎన్క దిక్కు జనరేటర్ కాడ కూసొని మేం బువ్వ తింటున్నం. ప్రాచి ఒక్కతే అటు దిక్కు అచ్చింది. మమ్ముల సూడలే. చెప్పులు ఇడిసింది. జనరేటర్ దడదడదడ అంటుంది గదా, ఆ సప్పుడు మీద నడుసుడు మొదలువెట్టింది.

అది డ్యాన్స్ అనాల్నా? చేతులు ఊపలే, నడుము ఊపలే. నడిసింది. గాని ఆ నడకల ఒక్కొక్క అడుగు భూమిని అడిగి పెడుతున్నట్టున్నది. ఒకసారి తూలి పడవోయి, పడకుండ అట్లనే సగంల ఆగింది, ఎంతసేపు ఆగిందంటే కైలాశ్ నోట్లె బుక్క నోట్లెనే ఉండిపోయింది. కైలాశ్ మా సైడ్ డ్రమ్ వాయించెటోడు, తిండి కాడ భూకంపం అచ్చినా ఆగడు. జనరేటర్ బంద్ అయ్యింది. ప్రాచి ఆగలే. ఉత్త పాదాల సప్పుడే ఇనవడుతుంది. నా ఒళ్లు జలదరించింది, అబద్ధమెందుకు.

మాస్టర్ ఇస్తారి ముంగటికెళ్లి లేసి, మెతుకుల చెయ్యితోనే ఆ పిల్ల దగ్గరికి పోయిండు. "బిడ్డా, గట్ల నడిస్తే, నీ ఎన్క మా పద్నాలుగు మందిమి వాయిస్తం. వాయిస్తం, నడ్మల ఆపుతం. ఆపినప్పుడు సుత నువ్వు నడువాలె."

ఆ పిల్ల నవ్వుతదనుకున్న. నవ్వలే. "మీరు కంపోజరా కాకా?" అని అడిగింది.

మాస్టర్ ఎన్కకు తిరిగి మా దిక్కు సూసిండు. అరవై ఏండ్ల ఉమర్ల ఆయనను ఆ మాట అడిగిన మొదటి మనిషి అదే. "అవు," అన్నడు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, కోపం సుత అచ్చింది. ముప్పై ఏండ్లు ఎన్క నడిసినోన్ని నేను, ఆ మాట నేనెందుకు అడగలే?

ప్రాచికి ఒక హాల్‌ల నాట్యాల ప్రోగ్రాంల పన్నెండు నిమిషాలు దొరికినయ్. కొత్త రకం నాట్యాలు చేసెటోళ్లు ఔరంగాబాద్ దిక్కుకెళ్లి, పుణె దిక్కుకెళ్లి అస్తున్నరు, నాందేడ్‌కెళ్లి ఈ పిల్ల. తన పన్నెండు నిమిషాలు మా బ్యాండ్‌తోని చేస్త అన్నది. మాస్టర్ ఇరవై దినాలు ఇంట్లకెళ్లి బయటికి రాలే. పదో బుక్కు నిండ రాసిండు.

ఇగ మా లొల్లి సూడాలె! మాస్టర్ ఇంటెన్క రేకుల షెడ్డుల అందరం కూడినం. "కూసొని వాయించుడేంది? మేమేమన్న ఖవ్వాలీ పార్టీయా?" అన్నడు కైలాశ్. "పాట యాడ ఉన్నది దీంట్ల?" అన్నడు ఇంకోడు. అందరికంటె ఎక్వ మండింది నాకు. నా కాయిదం మీద నడ్మల ఏం రాసి లేదు. ఉత్త జాగ. దాని మీద పదారు అని అంకె, దాని ఎన్క డోలు దెబ్బ ఒకటి.

"ఇదేంది మాస్టర్?"

"అందరు ఆపుతరు. నువ్వు మనసుల పదారు లెక్కవెట్టి ఒక్క దెబ్బ కొట్టు. ఆ దెబ్బకు మల్ల అందరు ఎత్తుకుంటరు."

"పదారే ఎందుకు? పది చాలవా?"

"పదారే."

మా బ్యాండ్‌ల ఊకుండుడంటే ఏందో మీకు చెప్పాలె. మసీదు ముంగట, దవాఖాన ముంగట అందరు బ్యాండోళ్లు బాజ ఆపుతరు, మేం సుత ఆపుతం. గాని సావయిన ఇల్లు తొవ్వల అస్తే మాది ఏరే పద్ధతి, మాస్టర్ తండ్రి పెట్టిన పద్ధతి. బాజలు సంకల వెట్టుకుంటం, టోపీలు తీసి చేతుల వట్టుకుంటం, తల్కాయ దించుకొని నడుస్తం. నడక ఆపం. అందరికంటె ఎన్కున్న డోలోడు ఆ ఇల్లు దాటినంక ఒక్క దెబ్బ కొడ్తడు. అప్పుడే టోపీలు పెట్టుకొని మల్ల ఎత్తుకుంటం. ముప్పై ఏండ్లల్ల అట్ల ఎన్ని ఇండ్లు దాటిన్నో. రెండేండ్ల కింద మా ఇంటి ముంగట సుత గట్లనే దాటిన్రు. నా భార్య జనాబాయి పోయిన దినం అది. ఆ దినం నా డోలు కైలాశ్ మోసిండు.

అందుకే ఆ ఉత్త జాగ నాకు నచ్చలే. నచ్చలేదని సీదా చెప్పొచ్చు గదా, నేను ఇంకో తీరు మాట్లాడిన. "సదువుకున్నోళ్ల ముంగట ఎర్ర కోట్లేసుకొని ఊకనే కూసుంటె కోతుల లెక్క నవ్వుతరు మనల్ని. సరే మాస్టర్, నీ కోసం ఒక్కసారి కూసుంటం. గాని ఒక్కడు నవ్విండా, పది బుక్కులు సందూక్‌ల వెట్టి తాళమెయ్యాలె. మల్ల మా ముంగట తియ్యద్దు. సచ్చేదాంక సినిమా పాటలే. ఒప్పుకుంటవా?"

షెడ్డుల అందరు నా దిక్కు సూసిన్రు. గంత కటువుగ అంటనని నేను సుత అనుకోలే. మాస్టర్ చెయ్యి చాపిండు. "ఒప్పుకున్న," అన్నడు. చెయ్యి సల్లగ ఉన్నది.

పదిహేను దినాలు దినాం పగటీలి సాధన చేసినం. నేను అంకెలు మనసుల వెట్టుకోలేక నోటితోని "ఎనిమిది, తొమ్మిది" అనంగనే అందరు పక్కుమని నవ్వెటోళ్లు. మెల్లగ నేర్చుకున్న. పదారు కాంగనే దెబ్బ. ఒక్కసారి సుత తప్పలే. ఒక సంగతి మాత్రం మాకు తట్టలే. షెడ్డుల ఉక్కకు మేం బనీన్ల మీద వాయించినం. కోట్లు లేవు, టోపీలు లేవు.

ఆ దినం పొద్దున హాల్‌కు పోయినం. పెద్ద హాల్, ఏడొందల కుర్చీలు, నిండినయ్. ఎర్ర కోట్లు ఇస్త్రీ చేయించుకున్నం, జరీ టోపీలు పెట్టుకున్నం. ఒక నాట్యం అయ్యింది, రెండో నాట్యం అయ్యింది. మాస్టర్ పక్కకెళ్లి నిలవడి సూస్తుండు, తన సంగతే మర్సిపోయి. "శంకర్రావ్, ఆ పిల్లగాడు గాలిని ఎట్ల మడత వెట్టిండో సూసినవా!" అంటడు. "నీ పన్నెండు నిమిషాలు సూసుకో మాస్టర్, పక్కోళ్లవి తర్వాత" అన్న నేను.

మా వంతు అచ్చింది. కుర్చీల్ల కూసున్నం. ముంగటి వరుసల ఇద్దరు పోరగాండ్లు మా కోట్లు సూసి ముసిముసిగ నవ్వుతున్నరు.

మాస్టర్ ఎత్తుకున్నడు. ఆ మెట్ల బాణీ! ఇరవై ఏడేండ్ల కింద సందుల ఇన్నదే, గాని ఇప్పుడు దానికి జాగ దొరికింది. దిగుతనే ఉన్నది, ఇంక దిగుతనే ఉన్నది. ట్రంపెట్లు కలిసినయ్, కైలాశ్ సైడ్ డ్రమ్ మీద వాన సినుకులు రాలగొట్టిండు. ప్రాచి తెల్ల బట్టల్ల అచ్చి నడిసింది. పోరగాండ్ల నవ్వు ఎటు పోయిందో పోయింది. నేను డోలు కొడుతున్న, నా చేతులు నావి గావు. ఇదంత నా ముంగట నడిసిన మనిషి తల్కాయలకెళ్లి అచ్చిందా! గిన్నేండ్లు గింత పెద్దది ఆ సన్న మనిషిల ఎట్ల పట్టింది?

ఆపినం. అందరం ఒక్కసారి ఆపినం.

నేను లెక్క మొదలువెట్టిన. ఒకటి. రెండు. కట్టె నేల మీద ప్రాచి ఉత్త పాదాల సప్పుడు. మూడు. నాలుగు. ఆ సప్పుడు నాకు ఎరుకే. ఐదు...

జనాబాయి పోయిన దినం నేను ఇంట్ల ఆమె పక్కన కూసున్న. గల్లీల బ్యాండ్ దగ్గరికి అస్తుంటే ఇన్న, మంగల్ కార్యాలయ్‌కు ఇంకో తొవ్వ లేదు. నా బ్యాండే. ఇప్పుడు గోడ అవుతల మోగుతదని పండ్లు గిట్ట కర్సుకున్న. మోగలే. ఒక్కసారే ఆగింది. అటెన్క పాదాలు. ఎంతోమంది పాదాలు, మెల్లగ, మా గోడెంబడి. పెండ్లికొడుకు సుత గుర్రం దిగి నడిసిండట. ఆ ఒక్క సప్పుడే ఇనుకుంట కూసున్న, ఆ దినం నేను బతికింది దాని మీదనే.

నా చెయ్యి లేసింది. నేను లేపలే, అదే లేసింది. టోపీ తీసింది. సావయిన ఇంటి ముంగట కూసుండద్దు గదా, నేను లేసి నిలవడ్డ. కైలాశ్ నన్ను సూసి టోపీ తీసిండు, నిలవడ్డడు. వాని పక్కోడు, ఆ పక్కోడు. రెప్పపాటుల మాస్టర్ తప్ప అందరం టోపీలు చేతుల వట్టుకొని, బాజలు సంకల వెట్టుకొని, తల్కాయలు దించి నిలవడ్డం. ముప్పై ఏండ్ల అలవాటు, ఎవ్వరు అడగలే ఎందుకని.

మాస్టర్ నా దిక్కు సూసిండు. కొట్టు, అన్నడు కండ్లతోని. పదారు ఎప్పుడో దాటిపోయింది. నాకు తెల్సు. గాని ఎట్ల కొడ్త? డోలోడు ఇల్లు దాటినంకనే కొట్టాలె. మేం నిలవడి ఉన్నం, ఎవ్వలం నడుస్తలేం. నిలవడ్డోడు ఏ ఇల్లు దాటుతడు? నా చెయ్యి కొయ్యబారింది. అయిపోయింది, అనుకున్న. ఇప్పుడు నవ్వుతరు. నా నోటితోనే పెట్టిన షరతు, నా చేతితోనే ఆయన ముప్పై ఏండ్లు మట్టిల కలిపిన.

ఎవ్వరు నవ్వలే. ముంగటి వరుసల ఒక ముసలామె నెత్తి మీదికి కొంగు గుంజుకొని లేసి నిలవడ్డది. ఆమె ఎన్క ఒకాయన. ఆ ఎన్క ఒక వరుస. ఏడొందల మంది లేసిన్రు, కుర్చీ కిర్రుమన్న సప్పుడు సుత మెల్లగ, తప్పు చేస్తున్నట్టు. ఇందాక నవ్విన పోరగాండ్లు చేతులు కట్టుకున్నరు. ఎవ్వరికి ఏం చెప్పలే మేము. ప్రతొక్కనికి దాటాల్సిన ఇల్లు ఏదో ఒకటి ఉన్నది గావచ్చు.

మాస్టర్ ఆ జనాన్ని సూసిండు. మల్ల నన్ను సూసిండు. ఆయన మొఖంల ఏదో తెలిసొచ్చినట్టయ్యింది. మెల్లగ తన టోపీ తీసిండు. క్లార్నెట్ సంకల వెట్టుకొని, స్టేజీ మెట్లు దిగి, కుర్చీల నడ్మకెళ్లి నడిసిండు. మేం ఇద్దరిద్దరం ఎన్క నడిసినం, వరాత్‌ల నడిసినట్టే. ఆఖరికి నేను. నా ఎన్క ప్రాచి ఉత్త పాదాలతోని. అంత పెద్ద హాల్‌ల మా అడుగుల సప్పుడు ఒక్కటే. జనం మేం పక్కకెళ్లి పోతుంటే తల్కాయలు దించుకుంటున్నరు. ఇసొంటిది నేను ఏ వరాత్‌ల సూడలే, ఏ గుడిల సూడలే. భయమైంది నాకు, మంచి భయం.

గడప దాటిన. కొట్టిన, ధన్!

పద్నాలుగు మందిమి ఎత్తుకున్నం. మాస్టర్ ఆఖరికి రాసుకున్న ఎగిరే బాణీ, వరండల, ఎండల, నడుసుకుంట. ఏడొందల మంది మా ఎన్కనే బయటికచ్చిన్రు. సప్పట్లు కొట్టలే చాలాసేపు. బాణీ అయిపోయినంక సుత నిలవడి ఉన్నరు, ఇంటికి పోవుడు మర్సిపోయినట్టు.

అంత సల్లారినంక నేను మాస్టర్ దగ్గరికి పోయిన. మెట్ల మీద కూసున్నడు, కోటు గుండీలు ఇప్పుకొని.

"గల్తీ నాది మాస్టర్. పదారు తప్పిన. జనం కూసొని ఇనాలంటివి, నేను అందరిని నిలవెట్టిన."

"ఎవ్వరి ఇల్లు దాటినవ్ శంకర్రావ్?" అని అడిగిండు.

"మా ఇల్లు," అన్న.

తల ఊపిండు. "నేను సుత గా ఇల్లే రాసిన. ఆ దినం మీ గోడ మొదట్లకెళ్లి మీ పక్కింటి తలుపుదాంక నడుసుకుంట లెక్కవెట్టిన. పదారు అడుగులయినయ్. ఆ తెల్లది నేను ఇన్నది ఆన్నే. నీకు చెప్పెతందుకు నోరు రాలే."

ఆయన భుజం మీద తల్కాయ వెట్టి ఏడ్సిన, ఎర్ర కోటు తడిసేదాంక. జనాబాయి పోయిన దినం సుత నేను అంత ఏడ్వలే.

కొద్దిసేపయినంక మాస్టర్ పదో బుక్కు తీసిండు. ఆ ఉత్త జాగ మీద పెన్ను వెట్టిండు. నేను నాలుగో తరగతి దాంక మరాఠీ సదివిన, అచ్చరాలు కూడగట్టుకుంట సదివిన. పదారు అన్న అంకెను కొట్టేసి, దాని కింద రాసిండు, "శంకర్రావు దాటేదాంక."